ఎండాకాలం జనాభా

పొద్దున్నే గొడవ ఒక్క మాట దగ్గర మొదలైంది. కింద స్కూలు బస్సు హారన్ కొడుతోంది. సువర్చల ఒక చేత్తో టిఫిన్ డబ్బా, ఇంకో చేత్తో నీళ్ల సీసా పట్టుకుని, లిఫ్టు తలుపు మూసుకుపోకుండా కాలు అడ్డం పెట్టి నిలబడింది. ఇంట్లో కూతురు అక్షయ ఒక షూ వేసుకుని, రెండోదాని కోసం సోఫా కింద వెతుక్కుంటోంది. "బేగి రావే, బస్సెల్లిపోతాది" అని సువర్చల కేక వేసింది. లిఫ్టులో ఉన్న పై అంతస్తు మూర్తిగారూ, ఆయన భార్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూర్తిగారు నవ్వు దాచుకోవడానికి ఫోను తీశారు. జరిగింది అంతే.

పిల్లని బస్సెక్కించి పైకి వచ్చేసరికి ఇంట్లో ముగ్గురూ సిద్ధంగా ఉన్నారు. ఆఫీసుకి తయారైన భర్త మహీధర్, నలుగురి ముందూ ఆ అరుపేంటని అడిగాడు. జనవరి నుంచి విజిట్ వీసా మీద ఉన్న అత్తగారు బాలత్రిపురసుందరి కాఫీ గ్లాసు దించకుండానే, "ఇన్నేళ్లయినా ఆ భాష నిన్నొదల్దేందమ్మా" అంది. మావగారు వీరరాఘవరావు మాత్రం కోప్పడలేదు. ఆయనెప్పుడూ కోప్పడరు. "బేగి, బేగి, బేగి" అని తాళం వేసినట్టు మూడుసార్లు అని, తన హాస్యానికి తనే మెచ్చుకుని నవ్వారు.

"పిల్లకి అంటుకుంటుంది, అదీ నా బాధ" అన్నాడు మహీధర్, తట్టు గురించి మాట్లాడుతున్నట్టు. వాచీ చూసుకున్నాడు. "యల్లా, లేటయింది. ముదీర్ ఇవాళ పెందలాడే వస్తాడు. ఈ టాపిక్ ఖలాస్." తలుపు వేసుకుని వెళ్లిపోయాడు.

సువర్చల సింకు ముందు నిలబడి ఆ మాటల్నే తిప్పి తిప్పి చూసుకుంది. యల్లా అంటే పద, ముదీర్ అంటే మేనేజరు, ఖలాస్ అంటే అయిపోయింది. షార్జాలో దిగిన నెల తిరక్కుండానే ఇవన్నీ మహీధర్ నోట్లోకి వచ్చి కూర్చున్నాయి. గుంటూరు వెళ్లినప్పుడు కూడా అక్కడి చుట్టాల ముందు "ఖలాస్" అంటాడు, వాళ్లు మురిసిపోతారు. మాట్లాడేది ఎవరో తెలియని ఎడారి మాటకి ఈ ఇంట్లోకి వీసా అక్కర్లేదు. తన తల్లి మాటని మాత్రం గుమ్మం దగ్గరే ఆపేస్తారు. పోనీ వీళ్లు మాట్లాడేదేమైనా పుస్తకంలోంచి ఊడిపడిందా? అత్తగారి "ఏంది" అచ్చమైన తెలుగూ, తన "ఏటి" నవ్వులాటా ఎలా అయ్యాయో విజయనగరంలో డిగ్రీ చదువుకున్న సువర్చలకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

పెళ్లయిన కొత్తలో వీళ్లింటికి ఏ చుట్టాలొచ్చినా కొత్తకోడల్ని పిలిచి "ఏదీ, ఓసారి 'ఏటి' అనమ్మా" అనేవారు. అంటే నవ్వేవారు, అనకపోతే మొండిదనేవారు. "తప్పుగా అనుకోకు, నీ భాష ముద్దొస్తుంది, అంతే" అన్నాడు మహీధర్ మొదటి ఏడాది. ముద్దొచ్చేదాన్ని ఎందుకు మార్చుకోమంటున్నారని రెండో ఏడాది అడగబోయి మానేసింది. అప్పటికే ఆమె గుంటూరు మాటని నేర్చేసుకుంటోంది. కూర తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, లోలోపల ఒక్కో వాక్యాన్నీ దిద్దుకుని బయటికి వదిలేది. ఎల్తాను కాదు, వెళ్తాను. సేత్తాను కాదు, చేస్తాను. రోజంతా వండడం, వడ్డించడం, మావగారి రాగిజావ, అత్తగారి శనివారం పలహారం, మహీధర్ డబ్బా, అక్షయ డబ్బా అందరికీ కనిపించే పని. ఈ దిద్దుకోవడం ఎవరికీ కనిపించని పని. రెండూ జీతం లేనివే. అమ్మ ఫోను చేస్తే వాషింగ్ మెషీన్ ఉన్న బాల్కనీలోకి వెళ్లి, మెషీన్ ఆన్ చేసి మాట్లాడుతుంది. సాలూరు అవతల కొండ దిగువన గెడ్డవలసలో అడ్డాకుల విస్తళ్లు కుట్టించే పైడమ్మ, ఆ చప్పుడుకి మించి అరిచి మాట్లాడుతుంది. ఓసారి అక్షయ బాల్కనీ తలుపు దగ్గర నిలబడి విని, "అమ్మా, అమ్మమ్మతో నువ్వు మాట్లాడేది ఏ లాంగ్వేజ్?" అని అడిగింది. ఎగతాళికి అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది.

ఈ రోజుల్లోనే ఎదుటి ఫ్లాటు ముసలావిడ పరిచయమైంది. ఫిబ్రవరిలో ఓ సాయంత్రం సువర్చల చెత్త సంచి పట్టుకుని బయటికి వచ్చేసరికి, బంగారు రంగు జుట్టు పిల్లాడొకడు బోసికాళ్లతో మెట్ల వైపు పరుగెడుతున్నాడు. వెనకాల నల్ల బట్టల్లో ఒక పెద్దావిడ, మోకాళ్లు పట్టుకుని, "యిను! అగోన్యా, యిను!" అని అరుస్తోంది. సువర్చల సంచి వదిలేసి పిల్లాణ్ని నడుం పట్టుకుని ఎత్తేసింది. ఆ కేక అర్థం కాకపోవడానికేముంది? పరుగెత్తే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆ కేక ఉంటుంది. ఎదుటి తలుపు తీసుకుని తడి జుట్టుతో పిల్లాడి తల్లి ఎలీనా వచ్చింది. షార్జాలోనే ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపీ చేస్తుంది, మొగుడు ఓడ మీద ఉంటాడు. మీ అమ్మ ఏమన్నదని సువర్చల ఇంగ్లీషులో అడిగితే, "రా, త్వరగా రా" అంది. మా వైపు దాన్ని బేగి రా అంటామని చెప్పింది సువర్చల. అలా అన్నాక, మా వైపు అన్నందుకు తనే ఆశ్చర్యపోయింది. ముసలావిడ స్టెరియానా, "బేగి" అని నోట్లో వేసుకుని రుచి చూసినట్టు పలికి, పెద్దగా నవ్వింది. ఆ రోజు నుంచి ఆ పిల్లాణ్ని వాళ్లింట్లో రెండు మాటలతోనూ పిలిచేవారు. సువర్చల కూతురికి అంటుకోకూడని మాటకి ఆ పిల్లాడు చప్పట్లు కొడుతూ పరుగెత్తుకొచ్చేవాడు.

మధ్యాహ్నాలు అత్తగారు కునుకు తీసినప్పుడు సువర్చల ఎదుటింటికి వెళ్లేది. స్టెరియానాకి ఇంగ్లీషు రాదు. పక్కన కూర్చుని ఆకుకూర గిల్లుకోవడానికి ఇంగ్లీషు దేనికి? ఎలీనా డ్యూటీ లేని రోజుల్లో వాళ్ల ఊరి సంగతి చెప్పింది. గ్రీసు ఉత్తరాన కొండల మీద చిన్న ఊరు. ఊళ్లో మాట గ్రీకు కాదు, అరోమానియన్. గొర్రెల మందలతో కొండలెక్కి దిగే వాళ్ల మాట. చలికాలం ఊరంతా కిందకి దిగిపోతుంది. మంచులో పదిమంది మిగులుతారు, అదీ కుక్కల్ని కలుపుకుంటే అని నవ్వింది. మే నెల రాగానే ఆడవాళ్లు ముందు ఎక్కి, ఇళ్ల తలుపులు తీసి, పొయ్యి ముట్టిస్తారు. ఆగస్టుకి రెండు మూడొందల మంది చేరతారు. ఎలీనా పుట్టిందీ పెరిగిందీ కింద పట్నంలో, చదివింది గ్రీకులో. అయినా ఆ మాట ఆమెకెలా వచ్చిందంటే ఎండాకాలం సెలవుల్లో. ఏటా ఆ కొన్నాళ్లూ అమ్మమ్మ దగ్గర ఉండడం వల్ల. "మా భాష ఎండాకాలంలోనే బతికి ఉంటుంది" అంది ఎలీనా. సువర్చల నవ్వింది. అదేంటో ఇక్కడ అంతా తలకిందులు. జూలై వస్తే ఈ బిల్డింగులో ఆడవాళ్లూ పిల్లలూ ఇండియా వెళ్లిపోతారు, మిగిలిన మగవాళ్లు మాడిన పప్పు తింటూ ఏసీల కింద పడుకుంటారు.

ఏప్రిల్లో ఓ శుక్రవారం సాయంత్రం తల్లీ కూతుళ్లిద్దరూ కాఫీకి వచ్చారు. స్టెరియానా ఆకుకూర పెట్టి కాల్చిన రొట్టె తెచ్చింది. బ్యాంకులో మేనేజరుగా రిటైరైన వీరరాఘవరావుకి అంకెలంటే ఇష్టం. మీ ఊరి జనాభా ఎంత అని ఎలీనాని ఇంగ్లీషులో అడిగారు. ఏ నెలలో అని అడిగింది ఎలీనా. ఆ మాటకి ఆయన ముచ్చటపడ్డారు. భాష గురించి అడిగారు, ఎంతమంది మాట్లాడతారని అడిగారు. దానికి ఎలీనా ఒక సంగతి చెప్పింది. తన చిన్నప్పుడు ఓ ఎండాకాలం పట్నం నుంచి ఒకాయన భాషల లెక్క రాసుకోవడానికి కొండ మీది వాళ్లింటికే వచ్చాడట. ఊళ్లో ఏ భాష మాట్లాడతారని తాతయ్యని అడిగాడు. అందరం గ్రీకే మాట్లాడతాం, ఆ పాత మాట ఇప్పుడెవరికీ రాదని తాతయ్య చెప్పాడు. ఆయన అలా చెబుతున్నంతసేపూ అమ్మమ్మ, అమ్మ, మేనత్తలు కాఫీ కప్పులు పెడుతూ, తీస్తూ, వంటింట్లో ఆ పాత మాటలోనే ఒకర్నొకరు తిట్టుకుని నవ్వుకుంటున్నారు. వచ్చినాయన 'ఎవరూ లేరు' అని రాసుకుని వెళ్లిపోయాడు. వాళ్లని ఎవరూ అడగలేదు.

"లిపి ఉందా మరి?" అన్నారు వీరరాఘవరావు. ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారంది ఎలీనా. "అయితే అది భాష కాదమ్మా, యాస. పోతే పోతుంది, దానికేముంది. మాకూ ఉన్నార్లే అట్టాంటివాళ్లు" అని కాఫీ కప్పుతోనే కోడలి వైపు చూపించారు. "మా కోడలిది ఆ బాపతే. మొదట్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇప్పుడు పూర్తిగా బాగుపడింది." మహీధర్ నవ్వాడు. తన గెలుపు గురించి ఎవరైనా చెబితే సిగ్గుపడేవాడి నవ్వు అది. ట్రే పట్టుకుని నిలబడ్డ సువర్చల కూడా అలవాటు కొద్దీ పెదాలు సాగదీసింది.

స్టెరియానా కూతురి మోచెయ్యి గిల్లి, ఆయన ఏమంటున్నాడని అడిగింది. ఎలీనా చెప్పింది. ముసలావిడ కాసేపు సువర్చలనే చూసి, రెండు ముక్కలు అంది. ఎలీనా వెంటనే ఇంగ్లీషులో చెప్పలేదు, మొహమాటపడింది. వీరరాఘవరావే, "చెప్పమ్మా, చెప్పు" అన్నారు.

"మా అమ్మ అడుగుతోంది, ఈ ఇంట్లో కాఫీ ఇచ్చే మనిషిని ఎవరైనా అడిగారా అని."

వీరరాఘవరావు రొట్టె బాగుందన్నారు. సువర్చల ఖాళీ కప్పులు ట్రేలో సర్దుకుని వంటింట్లోకి వెళ్లింది. కప్పులు సింకులో విసురుగా పడేసింది, తనకి కోపమొచ్చిందని ఆ చప్పుడుకి గాని తెలియలేదు. బాగుపడింది. జబ్బు చేసినవాళ్లు బాగుపడతారు, చెడిన పిల్లలు బాగుపడతారు. ఎవరైనా ఈ ఇంటికి లెక్క రాసుకోవడానికి వస్తే మహీధర్ ఏం చెబుతాడు? మా ఇంట్లో అలాంటి భాష ఎవరికీ రాదండీ, అంటాడు. తను అప్పుడు కూడా కాఫీ కలుపుతూ ఉంటుంది. కానీ వాళ్ల వంటింట్లో నలుగురాడవాళ్లున్నారు, ఒకర్నొకరు తిట్టుకోవడానికైనా. తన వంటింట్లో తనొక్కతే. వాషింగ్ మెషీన్ చప్పుడొకటి తోడు. అక్షయకి రాకుండా తనతో ఖలాస్ అయిపోతే, ఆ లెక్క నిజమే అవుతుంది. ఎవరో అబద్ధం చెప్పడం వల్ల కాదు, తనే దాన్ని నిజం చేసి పెట్టడం వల్ల.

వాళ్లు వెళ్లాక అత్తగారు వంటింట్లోకి వచ్చింది. కోడలి మొహం చూసి గ్రహించినట్టుంది. గొంతు తగ్గించి, "మీ మావయ్య మాటకేం గానీ, నేను మాత్రం ఏమన్నా గుంటూరులో పుట్టానా? మాది నెల్లూరు. వచ్చిన కొత్తలో నన్నూ ఇట్టాగే ఆడించారు. నేనూ మార్చుకున్నా. చచ్చానా?" అంది.

అది ఓదార్పే. సువర్చలకి ఆ సంగతి తెలుసు. అయినా అడగకుండా ఉండలేకపోయింది. "అత్తయ్యా, చిన్నప్పుడు మీ అమ్మగారు మిమ్మల్ని అన్నానికి ఏమని పిలిచేవారు?"

బాలత్రిపురసుందరి చెప్పబోయి నోరు తెరిచింది. కళ్లు కిటికీలోంచి ఎక్కడికో పోయి, ఖాళీగా తిరిగొచ్చాయి. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "ఏమో, గుర్తులేదు. ఆ గిన్నెల సంగతి చూడు" అని వెళ్లిపోయింది. ఆ రాత్రి భోజనానికి ఆవిడ సరిగా తినలేదు.

మే మొదటి వారంలో స్టెరియానా ప్రయాణం కట్టింది. మనవణ్ని చూసుకోవడానికి ఇంకొన్నాళ్లు ఉండమని ఎలీనా ఎంత బతిమాలినా వినలేదు. మే వచ్చాక పైకి ఎక్కకుండా ఆవిడ ఎప్పుడూ ఉండలేదు, కరోనా వచ్చిన సంవత్సరం తప్ప. ఆ ఏడాది ఊళ్లో పొయ్యి ముట్టించినవాళ్లు లేరని ఇప్పటికీ చెప్పుకుని బాధపడుతుంది. జూలైలో ఎలీనా సెలవు పెట్టి పిల్లాణ్ని తీసుకుని వస్తుంది. లిఫ్టు దగ్గర స్టెరియానా సువర్చల రెండు చేతులూ పట్టుకుని ఏదో అడిగింది. "నువ్వెప్పుడు పైకి వెళ్తావు, అంటోంది" అంది ఎలీనా.

సువర్చల నవ్వేసి లిఫ్టు బటన్ నొక్కింది. ఏటా జూలైలో వెళ్లేది ఇండియాకే, కానీ గుంటూరుకి. అక్కడ సెలవులకి వచ్చిన ఆడపడుచు కల్పన, ఆమె పిల్లలు, ఇంటికొచ్చే చుట్టాలు. షార్జా వంటింట్లోంచి గుంటూరు వంటింట్లోకి బదిలీ అయినట్టు ఉంటుంది. గెడ్డవలసకి మూడు నాలుగు రోజులు. పిల్లకి దోమలని, నీళ్లు పడవని, ఆ నాలుగు రోజులూ ఫోన్లు చేసి తొందరపెడతారు. పైడమ్మ మనవరాలికి పనసతొనలు ఒలిచి పెట్టి, ఏదో అడుగుతుంది. అక్షయ తల్లి మొహం చూస్తుంది, తర్జుమా చెయ్యమని. "పిల్లకి నా మాట తెల్దు గావాల" అని పైడమ్మ నవ్వేసి ఆకులు కుట్టే దగ్గరికి వెళ్లిపోతుంది. ఈ జూలైలో కల్పన కూతురికి ఓణీల ఫంక్షన్ కూడా పెట్టుకున్నారు. వంటవాళ్లని పురమాయించడం, వచ్చినవాళ్లని చూసుకోవడం సువర్చల పని అని ఫిబ్రవరిలోనే తేలిపోయింది. ఎవరు తేల్చారో, ఎప్పుడు తేల్చారో ఆమెకి తెలియదు. కాఫీ ఇచ్చే మనిషిని ఎవరూ అడగలేదు.

టికెట్ల పని మాత్రం ఎప్పుడూ ఆమెదే. ఎవరు ఏ రోజున బయల్దేరాలో, ఎవరికి కిటికీ సీటు కావాలో, సామాను ఎంతో, అన్నీ ఆమె చూసి, కింద ట్రావెల్స్ నడిపే హయాత్ బాషాకి చెప్పాలి. కడప మనిషి, తెలుగులోనే మాట్లాడతాడు. ఈసారి కూడా చెప్పింది. "విజయవాడకే కదక్కా, మామూలుగా?" అన్నాడతను కంప్యూటర్ వైపు తిరిగి. "కాదు, విశాఖపట్నం. నాకూ పాపకీ. వెళ్లేదీ అక్కడికే, వచ్చేదీ అక్కణ్నించే" అంది. స్కూలు మూసే రోజూ, తెరిచే ముందు రోజూ చెప్పింది. పైకి వస్తూ లిఫ్టు అద్దంలో తనని తను చూసుకుని, ఆ వాక్యాన్ని మళ్లీ అని చూసుకుంది. ఈసారి దిద్దకుండా.

ఆదివారం మధ్యాహ్నం అందరూ బల్ల దగ్గర ఉన్నారు. వారం తిరిగితే అత్తమామల తిరుగు ప్రయాణం. ముద్దపప్పు, గోంగూర, వేపుడు. ఫంక్షన్ మాటలు నడుస్తున్నాయి. మహీధర్ పప్పులో నెయ్యి కలుపుకుంటూ, మీ టికెట్లు ఎప్పటికి తీశావని అడిగాడు. వారం ముందే వెళ్తే కల్పనకి చేతిసాయంగా ఉంటుందన్నాడు.

సువర్చల గరిటె కింద పెట్టింది. తన కంచం తెచ్చుకుని, అందరితో పాటు కూర్చుంది. ఆ ఇంట్లో అది కొత్త.

"నానూ పిల్లా ఈ సెలవులకి గెడ్డవలస ఎల్తన్నాం. టికెట్లు విశాఖపట్నానికి తీసేసినాను. బడి తెరిసేదాకా అక్కడే ఉంతాం. ఓణీలకి ఓ పూట వచ్చి అచ్చింతలేసి ఎల్లిపోతాం."

మహీధర్ చేతిలో ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. వీరరాఘవరావు నవ్వబోయారు. ఇదేదో నవ్వించడానికే అనుకున్నారు. ఎవరూ అందుకోకపోయేసరికి ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది.

"ముందు నువ్వు మామూలుగా మాట్లాడు" అన్నాడు మహీధర్.

"ఇదే నా మామూలు. ఇన్నాళ్లూ మాటాడింది మీ మాట."

"అమ్మా, వింటున్నావా?" అన్నాడతను తల్లి వైపు తిరిగి. బాలత్రిపురసుందరి వింటూనే ఉంది. కంచంలో గోంగూర వేలితో పక్కకి జరిపి, మళ్లీ దగ్గరికి లాక్కుంది.

"అక్కడ వైఫై ఉందా?" అంది అక్షయ.

"గోపురం దగ్గిరకెల్తే సిగ్నలొత్తాది" అంది సువర్చల. అక్షయ తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. బాల్కనీ తలుపు అవతల, మెషీన్ చప్పుడులో వినిపించే ఆ గొంతు ఇప్పుడు బల్ల దగ్గర, తన ఎదురుగా కూర్చుని ఉంది.

మహీధర్ గొంతు పెంచలేదు. లెక్కలో తప్పు పట్టుకున్నవాడిలా నెమ్మదిగా అడిగాడు. "సరే, ఆ పల్లెటూళ్లో అన్నాళ్లపాటు పిల్ల ఏం చేస్తుంది?"

సువర్చల పెరుగు గిన్నె అతని వైపు జరిపింది, తీసుకుని వేసుకోమన్నట్టు.

"మాటాడతాది" అంది.